గ్రూపు ఫొటోలో 41 మంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

1986 పదో తరగతి బ్యాచ్ తరఫున పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంజనీరుకు మైకు ఇస్తే లెక్కలు చెబుతాడని మావాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. సరే, లెక్కతోనే మొదలుపెడతాను.

మా గ్రూపు ఫొటోలో విద్యార్థులు 41 మంది. ఈ సంచిక కోసం తయారైన మా బ్యాచ్ జాబితాలో 23 మంది ఉన్నారు. మిగిలిన 18 మంది గురించి మాట్లాడదామని వచ్చాను. పేర్లు చెప్పను. కొందరు ఈ షామియానా కిందే ఉన్నారు, సిగ్గుపడతారు. రానివాళ్ల సంగతులు వాళ్లని అడక్కుండా పేరుపెట్టి చెప్పడం మర్యాద కాదు.

ముందు ఆ ఫొటో ఎలా వచ్చిందో చెప్పాలి. అప్పట్లో ఫొటోగ్రాఫర్ ఎస్.కోట నుంచి ఘాట్ రోడ్డు బస్సులో రావాలి. ఛార్జీ, భోజనం, కాపీలు కలిపి ఆయన చెప్పిన మొత్తం విని మా క్లాసు లీడరు నోరు తెరిచాడు. మాలో సగానికి పైగా హాస్టల్లో ఉండేవాళ్లం. చేతిలో డబ్బంటే సంత రోజు అమ్మానాన్న వచ్చి ఇచ్చే రూపాయో రెండో. వెనక బెంచీలో కూర్చునే మిత్రుడొకడు లేచి, "కొండచీపుర్లు కోతకొచ్చినాయి కదేటి, కోసి డిపోకి ఏసేద్దాం" అన్నాడు. అప్పటిదాకా వాడు తరగతిలో తనంతట తాను నోరు విప్పడం నేను చూడలేదు.

రెండు ఆదివారాలు కొండెక్కాం. చీపురుగడ్డి ఆకు చేతిని ఎలా కోస్తుందో తెలిసినవాళ్లకు తెలుసు. ఎక్కడ పట్టుకోవాలో, ఎంత పొడవున కోయాలో, కట్ట ఎంత లావు కట్టాలో అన్నీ వాడే చెప్పాడు. తడి ఉంటే డిపోలో తరుగు తీస్తారని రెండు రోజులు బడి వరండాలో ఆరబెట్టించాడు. హెడ్మాస్టారు వచ్చి, "ఇది బడా, చీపుర్ల గోదామా?" అని కేకలేశారు. సాయంత్రం మబ్బు పడితే ఆయనే స్టోరు రూము తాళం తీసి, లోపల పెట్టుకోమన్నారు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ మన కొండల్లో చింతపండు, అడ్డాకు, కరక్కాయ, చీపుర్లు కొంటోంది. ఆ డిపోలో తూకం అయ్యేసరికి మా మిత్రుడు మొత్తం ఎంతో నోటితో చెప్పేశాడు. గుమస్తా కాగితం మీద వేసి చూసుకుంటే అంతే వచ్చింది. క్లాసు లెక్కల్లో మాత్రం వాడికి 35 దాటడం గగనం. వాడు పబ్లిక్ పరీక్ష తప్పాడు. 18 మందిలో వాడొకడు.

తొమ్మిదో తరగతివాళ్లు మాకు వీడ్కోలు ఇచ్చింది ఫిబ్రవరిలో. అప్పటికి వలిసె పూలు అయిపోయాయి గానీ చలి పోలేదు. మైకు సెట్టు అద్దెకు తెచ్చాం. దాని వైర్లు కలపడానికి నన్ను పెట్టారు. నా ఇంజనీరింగు అక్కడే మొదలైందని మావాళ్ల ఎగతాళి. సభ మొదలైన పావుగంటకే ఊరంతటికీ కరెంటు పోయింది. ఏం చేయాలో మాకు తోచలేదు. అప్పుడు మాలో డప్పు బాగా వాయించే మిత్రుడు డప్పు తీసుకుని మైదానంలోకి దిగాడు. ఇంకొకడు మోరి అందుకున్నాడు. అమ్మాయిలు ఎనిమిది మందీ చేతులు వెనక నుంచి పెనవేసుకుని వరుసకట్టి థింసా మొదలుపెట్టారు. పులి దాడి నుంచి తప్పించుకునే బాగ్ థింసా ఆడుతుంటే, మైదానం నుంచి కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు వరుసలో చేరి, అందరూ కుడికి వెళితే తను ఎడమకి వెళ్లారు. పులి ఆయన్నే ముందు పట్టుకుంటుందని మా అమ్మలు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ అమ్మల సంగతి కూడా చెప్పాలి. మాలో చాలామందికి తెలుగు బడిలో వచ్చిన భాష. ఇంట్లో ఆదివాసీ ఒరియానో, కువినో, పోర్జానో. తెలుగు మాస్టారు పావుగంట గ్రాంథికంలో ఆశీర్వదిస్తే, మూడో వరుసలో కూర్చునే అమ్మాయి లేచి తల్లిదండ్రులకు రెండు ముక్కల్లో చెప్పింది: బాగా చదవమంటున్నారు, బస్సులో జాగ్రత్తగా వెళ్లమంటున్నారు. మాస్టారు కూడా నవ్వేశారు. మూడు భాషలు తడుముకోకుండా మాట్లాడే ఆ అమ్మాయి ఇంగ్లీషులో తప్పింది. మళ్లీ రాసేలోపే పెళ్లయింది. ఇవాళ్టికీ వాళ్ల ఊరికి జ్వరాలు చూసేవాళ్లు వచ్చినా, సర్వే వాళ్లు వచ్చినా మాట ఇటూ అటూ చెప్పేది ఆమే. జాబితాలో ఆమె లేదు.

ఆటోగ్రాఫు పుస్తకం కొనే స్తోమతు లేక, అందరం ఒకే నోటుబుక్కులో ఏమవుతామో రాసుకున్నాం. అది మా లీడరు ఇంట్లో ఇంకా ఉంది. ఎక్కువమంది "మాస్టారు" అని రాశారు. ఇద్దరు "మలేరియా ఇనస్పెక్టరు" అని రాశారు, ఎందుకంటే మా ఊళ్లకు నడిచి వచ్చే సర్కారు మనిషి ఆయనొక్కడే. నలుగురు రైలు డ్రైవరు అవుతామన్నారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960లలో వేసిన లైను మనది. సాయంత్రాలు స్టేషను దగ్గర నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టడమే మాకు ఆట. ఆ నలుగురిలో ఒకడు నిజంగానే రైల్వేలో చేరాడు, పట్టాలు చూసే గ్యాంగులో. గాలికొండ గాలివానలో పట్టాల వెంట నడిచిన మనిషి. అదృష్టం, వాడు జాబితాలో ఉన్నాడు.

ఇప్పుడు డప్పు వాయించిన మిత్రుడి సంగతి. పరీక్షలు దగ్గర పడ్డాయి. మన కొండల్లో అది పోడు నరికే కాలం, ఆ వెంటనే ఇటుకల పండగ. ఇంట్లో మనిషి సాయం కావాలని వాడు నాలుగు రోజులకని ఊరికెళ్లాడు. హాల్ టికెట్ జేబులోనే ఉంది. అక్కడ చలిజ్వరం పట్టుకుంది. కబురు వచ్చేసరికి మర్నాడు లెక్కల పరీక్ష. నలుగురం వెళ్లాం, అందులో నేనొకణ్ణి. దుప్పటి, వెదురు గడ, డోలీ. రోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు. దారిలో వాడు ఒకటే కలవరింత, పరీక్షకు టైమైపోయిందని. ఆసుపత్రిలో చేర్చి మేం హాస్టలుకి వచ్చేసరికి తెల్లవారుజామైంది. స్నానం చేసి, పరీక్షకు వెళ్లి కూర్చున్నాం. నాకు లెక్కలు ఎలాగో పట్టుబడ్డాయి గనుక గట్టెక్కాను. మా నలుగురిలో ఇద్దరు ఆ పేపరులోనే పోయారు. అంటే ఆ ఒక్క రాత్రి మా జాబితాలోంచి ముగ్గుర్ని తీసేసింది.

డప్పు మిత్రుడు బతికాడు. మళ్లీ పరీక్ష రాయలేదు. ఐటీడీఏ ఇచ్చిన కాఫీ మొక్కలు సిల్వర్ ఓక్ నీడన పెంచాడు, ఆ చెట్లకే మిరియాల పాదులు ఎక్కించాడు. పోయిన డిసెంబరులో వెళితే ఇంటిల్లిపాదీ ఎర్రపళ్లు ఏరుతున్నారు. పచ్చికాయ ఒక్కటి కలిసినా వాడు ఊరుకోడు, మనవడి చేతిలోంచి తీసి పారేస్తాడు. అరకు కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో మన కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ మాటే చెబితే వాడన్నాడు, "మన కాపీ పారిస్ దాకా ఎల్లింది గానీ నా పేరు బడి దాకా రాలేదేటి బావా!" నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

జాబితా చేసినవాళ్లను తప్పుపట్టడం లేదు. నెలల తరబడి ఎంత తిరిగారో నాకు తెలుసు. వాళ్లు పదో తరగతి పాసైనవాళ్ల రిజిస్టరు తీసుకున్నారు, చేతికి దొరికింది అదే. కానీ బడికి ఇంకో పుస్తకం ఉంది, అడ్మిషన్ రిజిస్టరు. అందులో పేరు, ఊరు, తండ్రి పేరు, చేరిన తేదీ ఉంటాయి. పాసైనా తప్పినా, మధ్యలో మానేసినా అందులో ఉంటారు. పూర్వ విద్యార్థి అంటే ఈ బడిలో కూర్చున్నవాడని నా అభిప్రాయం. సంఘం సభ్యత్వానికి ఆ రిజిస్టరే ఆధారంగా పెట్టుకోవాలని మా బ్యాచ్ తరఫున ప్రతిపాదిస్తున్నాను. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఈ మాట చర్చకు వస్తుంది. దయచేసి భోజనాలవగానే వెళ్లిపోకండి.

ఈలోగా చిన్న పని. హెడ్మాస్టారి అనుమతితో 1981లో ఆరో తరగతిలో చేరినవాళ్ల పేజీలు జిరాక్సు తీయించాం. ఆ కాగితాలు భోజనాల దగ్గర బల్ల మీద ఉన్నాయి, పక్కనే పెన్ను కూడా. 18 మందిలో 11 మంది ఆచూకీ మాకు దొరికింది. ఏడుగురు మిగిలారు. మీ ఊరివాళ్లు, మీ చుట్టాలు ఉంటే ఆ పేరు పక్కన ఇప్పుడెక్కడున్నారో రాయండి. ఫోను నంబరు లేకపోయినా ఫరవాలేదు, ఊరి పేరు రాస్తే చాలు. మేమే నడిచి వెళతాం.