ఆర్.డిస్. చేసిన చందమామ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి ఉదయం నుంచీ చాలా విన్నాం. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు కాసేపు పాత చందమామ బొమ్మల గురించి చెప్పండి, అందరి మనసూ తేలికపడుతుంది" అన్నారు. తేలికపడుతుందో లేదో చివర్లో మీరే చెప్పాలి.

నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు చందమామను 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు. అంటే మనలో చాలామందికంటే వయసులో పెద్దది. కథల సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది బొమ్మల సంగతి. సీరియల్ కథలకు చిత్రాగారు బొమ్మలు వేస్తే కోట బురుజులు, రాక్షసుల కోరలు నిజంగా చూసి వచ్చి వేశారేమో అనిపించేది. వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. ముఖచిత్రం మూల 'వపా' అనే సంతకం కనబడితే మా నాన్నగారు పుస్తకం ముందు తాను చూసి గాని మాకిచ్చేవారు కాదు.

ఇక శంకర్‌గారు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం, నడిచిపోతున్న విక్రమార్కుడు. నెలనెలా కథ మారేది గాని ఆ బొమ్మ మారేది కాదు. చిన్నప్పుడు అది భయం కోసం చూశాను. ఉద్యోగంలో చేరాక అర్థం వేరైంది. ఆడిట్ వారి అభ్యంతరానికి జవాబు రాసి పంపుతాం, అది బేతాళుడిలా మళ్ళీ వచ్చి మన బల్లమీదే కూర్చుంటుంది. మళ్ళీ భుజాన వేసుకుని నడవాల్సిందే! ఆ బొమ్మ వేసిన శంకర్‌గారు 2020లో, తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు. చందమామ ఆగిపోయి కూడా పదేళ్ళు దాటింది.

మా నాన్నగారు బడిపంతులు. ఏడాదికి పన్నెండు సంచికలూ చేర్చి బైండు చేయించేవారు. వాటికి కాపలా నాది. 1966లో నాకు పన్నెండేళ్ళు, మా చెల్లికి ఎనిమిది. ఓరోజు బడినుంచి వచ్చేసరికి అది బేతాళ కథ పేజీ ముందు కూర్చుని ఉంది. అమ్మ కుంకుమ నీళ్ళలో కలిపి, అగ్గిపుల్లతో ఆ బొమ్మమీద ఏదో గీస్తోంది. నాకు ఒళ్ళు మండింది. వీపుమీద గట్టిగా కొట్టాను. అది ఏడుస్తూనే చెప్పింది: "చీకట్లో రాజు ఒక్కడే పోతున్నాడన్నయ్యా, దీపం పెట్టాను."

చూస్తే, రాజు పాదాల దగ్గర నిజంగానే చిన్న ఎర్రటి దీపం. అయినా నేను తగ్గలేదు. నెల్లాళ్ళు దాన్ని పుస్తకాలు ముట్టుకోనివ్వలేదు.

ఏళ్ళు గడిచాయి. దానికి పెళ్ళయింది, పిల్లలయ్యారు, మనవలొచ్చారు. ఆ దెబ్బ ఊసు మా మధ్య ఎప్పుడూ రాలేదు. 2021 మే నెలలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరింది. మమ్మల్నెవరినీ లోపలికి రానివ్వలేదు. ఒక్కతే వెళ్ళిపోయింది.

ఈ మధ్య మా అబ్బాయి, "నాన్నా, ఫ్లాటులో చోటు లేదు, ఆ పాత పుస్తకాల సంగతేదైనా చూడండి" అన్నాడు. పాత పత్రికలు సేకరించే ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, బొమ్మలంటే ప్రాణం. ఒక్కో సంపుటం తిరగేసి ధర కట్టాడు. 1966 సంపుటం దగ్గర ఆగి, "ఇది పాడైందండీ, మరకుంది. దీనికి సగమే ఇవ్వగలను" అన్నాడు. ఆయన లెక్కలో తప్పులేదు. నేను మాత్రం ఆ పేజీ చూస్తూ ఉండిపోయాను. యాభై ఏళ్ళు దాటినా కుంకుమ ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. రాజుకు దీపం పెట్టిన పిల్ల చివరికి తానే ఒంటరిగా నడిచింది. ఆ దారిలో ఎవరు దీపం పెట్టారో నాకు తెలియదు.

ఆయనకు కాఫీ ఇచ్చి పంపేశాను.

మన ఆఫీసు భాషలో ఎల్.డిస్. అంటే కొన్నాళ్ళుంచి చింపేసేది, ఆర్.డిస్. అంటే ఎప్పటికీ ఉంచేది. ఏది ఏదో నిర్ణయించడంలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి, సొంత ఇంట్లో పొరబడ్డాను. మరక ఎల్.డిస్., బొమ్మ ఆర్.డిస్. అనుకున్నాను.

మీ అటకలమీద కూడా పాత సంచికలుంటాయి. తుప్పుపట్టిన పిన్నులు తీసి దారంతో కుట్టండి. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి, పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. తడి గోడకు ఆనించి పెట్టకండి. చెదపురుగు తగలకుండా నెలకోసారి తీసి చూడండి. చూసేటప్పుడు పక్కన మనవణ్ణో మనవరాలినో కూర్చోబెట్టుకోండి. వాళ్ళేదైనా గీస్తే చెయ్యెత్తకండి. ముందు ఏం గీశారో అడగండి.

మిగతా సంపుటాలన్నీ మన సంఘం రీడింగ్ రూముకు ఇస్తున్నాను. 1966 ఒక్కటి నా దగ్గరే ఉంటుంది. వచ్చే రాఖీకి మా మేనకోడలు వస్తానంది. ఆ పేజీ తీసి, ఆ దెబ్బ సంగతి కూడా దానికి చెబుతాను. వాళ్ళమ్మకు చెప్పాల్సిన మాట దానికైనా చెప్పాలి కదా.