వెండి నీళ్లు నరాలకు బలమా?



మన సొసైటీ సాయం అందుకునే ఒక కుటుంబంలోని పాప మా బడిలో చదువుతోంది. ఆమెకు మూర్ఛ ఉంది. "నరాలకు బలం, ఫిట్స్ మళ్లీ రావు" అని ఎవరో చెబితే, మాత్రల కోసం మనమిచ్చిన డబ్బుతో వెండి నీళ్ల సీసాలు కొన్నారు. మాత్రలు మానేశారు. రెండు వారాలకు పాప తరగతిలోనే పడిపోయింది. అల్లాహ్ దయవల్ల కోలుకుంది. ఆ తల్లిని తప్పుపట్టలేం. డబ్బు ఇచ్చామే గాని, మంచీచెడూ చెప్పింది లేదు.

ఆ సీసాలో ఉండేది కొల్లాయిడల్ సిల్వర్, అంటే నీటిలో కలిసి ఉండే అతి సన్నని వెండి రేణువులు. వెండి క్రిములను చంపుతుందన్న మాట నిజమే. కాలిన గాయాలకు డాక్టర్లు రాసే సిల్వర్ సల్ఫాడయాజిన్ అలాంటిదే. కానీ అది పైపూత. ఇనుములా, కాల్షియంలా వెండి ఒంటికి అవసరమైనది కాదు. తాగిన వెండిలో కొంత ఒంట్లోనే పేరుకుపోతుంది. చర్మం నీలి బూడిద రంగుకు తిరగవచ్చు. ఆ రంగు సాధారణంగా పోదు.

మరి నరాల సంగతి? 2004లో 'న్యూరాలజీ' వైద్య పత్రికలో 71 ఏళ్ల వృద్ధుడి ఉదంతం వచ్చింది. 4 నెలలు రోజూ ఈ నీళ్లు తాగాక ఆయనకు ఆగని ఫిట్స్ వచ్చి, కోమాలోకి వెళ్లారు. రక్తంలోనూ, వెన్నుపాము ద్రవంలోనూ వెండి ఎక్కువగా కనిపించింది. చికిత్స చేసినా స్పృహ రాలేదు. ఐదున్నర నెలలకు మరణించారు. అందరికీ ఇలాగే జరుగుతుందని మేము అనడం లేదు. కానీ ఫిట్స్ తగ్గిస్తుందని అమ్మేదాన్ని తాగిన మనిషికే ఇలా జరిగిందంటే భయపడాల్సిందే. ఏ జబ్బుకూ దీన్ని సురక్షితమైన, పనిచేసే మందుగా గుర్తించలేమని అమెరికా ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

పండుగనాడు మిఠాయి మీద వేసే పలుచని వరఖ్ వేరు, నెలల తరబడి మందులా తాగడం వేరు.

దాతలకు మా మనవి ఒక్కటే. మూర్ఛ ఉన్నవారికి నెలనెలా మాత్రలే కొని చేతికిద్దాం. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేందుకు బస్సు ఖర్చులిద్దాం. డాక్టరు చెప్పనిదే మాత్ర ఆపవద్దని ప్రతి ఇంటికీ చెబుదాం. దువాతో పాటు దవా కూడా అందినప్పుడే మన సదఖా ఆ బిడ్డకు చేరినట్టు.

అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.