విత్తనపు కోడెదూడను ఒంటరిగా పెంచరాదు



ఆబోతుగా నుంచదలచిన కోడెదూడను పలువురు ఇంటియొద్ద ఒంటరిగా గుంజకు కట్టి, చేతితో మేపి పెంచుచున్నారు. అట్టిది సాధువగునని తలంచుట పొరపాటు. అమెరికాలో హియర్‌ఫర్డు జాతి కోడెదూడలను కొన్నిటిని ఒంటరిగాను, కొన్నిటిని గుంపుగాను పెంచి, 1990లో ఫలితము ప్రకటించిరి. ఒంటరిగా పెరిగినవే మనుష్యులను ఎక్కువగా బెదిరించినవి. తోడిదూడలను ఎరుగని కోడె, మేపువానినే తన జాతివానిగా నెంచి, ఈడు రాగానే అతనిపై కొమ్ము విసరును.

ఈడుతో వృషణములలో ఊరి రక్తమున కలియు టెస్టోస్టెరోను అను రసమే ఈ పౌరుషమునకు ఒక మూలము. ఏనుగునకు మదమనగా ఆ రసము మిక్కుటమగు కాలమే. పెద్దల తోడు దానిని సయితము అణచునని దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గు అడవిలో తేలినది. అచ్చట పెద్ద మగయేనుగులు లేక పెరిగిన అనాథ గున్నలు, యౌవనమున అకాలముగా మదమెక్కి, 1992 మొదలు 1997 వరకు 40కి పైగా ఖడ్గమృగములను చంపినవి. 1998లో ఆరు పెద్ద మగయేనుగులను తెచ్చి విడువగా వాని మదకాలము తగ్గెను, చంపుటయు మానెను.

కావున కోడెదూడను చిన్ననాడే తోడిదూడలలో విడిచి, మందతో మేతకు తోలుడు. పిల్లలు దాని నుదురు నెట్టి ఆడించుట చూడ ముచ్చటయే గాని, మూడేండ్లకు ఆ యాటయే ప్రాణాంతకము; మాన్పింపుడు. ఆబోతు ఎంత సాధువైనను దానియొద్దకు ఒంటరిగా పోకుడు.