విత్తు మన పొలమునకు వచ్చు దారి



మన సీమలో వరికి ఉల్లికోడు పెద్ద శత్రువు. పురుగు సోకిన పిలక వెన్ను వేయక ఉల్లికాడవలె గొట్టమగును. జగిత్యాల చెంత పొలాస పరిశోధనా స్థానమువారు సాంబమసూరిని కావ్యతో సంకరించి, దీనిని తట్టుకొను 'జగిత్యాల సన్నాలు' రకమును రూపొందించిరి. విత్తనమే కవచమైనచో విషపు గుళికల ఖర్చు తగ్గును. నేలయు నీరును శుభ్రముగా నుండును.

అయితే విశ్వవిద్యాలయపు మడికిని మన మడికిని నడుమ అంగడి యున్నది. అచ్చట రకము తారుమారైనచో శాస్త్రజ్ఞుల శ్రమయు, మన యేడాది కష్టమును వ్యర్థము. కావున రకము పేరడిగి కొనుడు. రశీదును, సంచి చీటీని కోత వరకు దాచుడు. 2001 నాటి చట్టము ప్రకారము రైతు తన పంటనుండి విత్తు దాచుకొనవచ్చును, ఇరుగుపొరుగులకు ఈయవచ్చును, అమ్మవచ్చును. వ్యాపార నామముతో మాత్రము అమ్మరాదు.

రకముల గుణములను వ్రాసిన పలక మన గ్రంథాలయపు గోడ నెక్కవలెను. లెక్కలు వ్రాయువాడను గనుక చెప్పుచున్నాను: అది ఖర్చు కాదు, జమ.