పదో తరగతి తర్వాత మన పిల్లలకు దారి చూపేదెవరు?
(సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



సాంస్కృతిక సంఘం సభలో థింసా గురించి, కొమ్ము నృత్యం గురించి మాట్లాడాలి గానీ ఇంటర్ గ్రూపుల గురించి ఏమిటని కొందరు అడిగారు. మన పాటలు నేర్చుకోవాల్సిన పిల్లలు పది తప్పగానే, లేదా పది పాసై కూడా, పనుల కోసం ఊరు వదిలి పోతుంటే ఆ పాటలు ఎవరికి నేర్పుతాం? అందుకే ఈ విషయం తీసుకున్నాం.

కౌన్సెలింగ్ అనే మాట మన గూడేల్లో తెలియని ఇల్లు లేదు. ఏ తల్లినడిగినా చెబుతుంది: సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, తెల్లవారకముందే జీపెక్కి, పట్నంలో వరసలో నిలబడటం. ఇప్పుడైతే నెట్ సెంటర్‌లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టించుకోవడం. అది సీట్లు పంచే పని. అదీ కావాల్సిందే. కానీ ఆ మాటకు అసలు అర్థం వేరే ఉంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, నీకు ఏది ఇష్టం, ఏది కష్టంగా ఉంది, ఇంట్లో పరిస్థితి ఏమిటి, ఈ చదువు చదివితే ఎక్కడికి పోతావు అని అడగడం, విని సలహా చెప్పడం. సీటు కౌన్సెలింగ్ పది పాసయ్యాకో, ఇంటర్ పాసయ్యాకో వస్తుంది. ఈ రెండోది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే జరగాలి. మన పిల్లల్లో ఎక్కువమందికి అది జరగనే జరగదు.

ఎందుకు జరగదో మీకు తెలుసు, మీలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లే. పాఠం చెప్పే మాస్టారే వార్డెన్. బియ్యం లెక్కా ఆయనదే, జ్వరం వచ్చిన పిల్లాడిని ఆస్పత్రికి తీసుకెళ్లడమూ ఆయన పనే. ఒక్కో పిల్లతో అరగంట కూర్చోవడానికి ఆయనకు తీరికేది? తీరిక చేసుకుని అడిగినా మన పిల్లలు ఏమంటారు? ‘సరే సార్’ అంటారు. ఇంట్లో కువి మాట్లాడేవాడు, కోయ మాట్లాడేవాడు, సవర మాట్లాడేవాడు మనసులో భయాన్ని తెలుగులో చెప్పలేడు. ఆ ‘సరే సార్’ వెనక ఏముందో మనకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియదు.

ఇక పదో తరగతి తర్వాతి దారుల సంగతి. మేము ఊళ్లు తిరిగినప్పుడు పదో తరగతి పిల్లలను ఒకే ప్రశ్న అడుగుతాం: ‘ఏ గ్రూపు తీసుకుంటావు, ఎందుకు?’ ఎక్కువగా వచ్చే జవాబు, ‘మా ఫ్రెండ్ అదే తీసుకుంటున్నాడు’. తర్వాతిది, ‘అక్కడ హాస్టల్ ఉందంట’. రెండో జవాబును మేము తప్పు పట్టం. హాస్టల్ లేని చోట మంచి గ్రూపు ఉండి ఏం లాభం? కానీ గ్రూపు ఎంచుకున్న రోజునే కొన్ని తలుపులు మూసుకుంటాయని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఎంపీసీ చదివినవాడు తర్వాత బీఏకు పోవచ్చు, లా చదవొచ్చు. హెచ్ఈసీ చదివినవాడికి ఇంజనీరింగ్ మనసయితే ఆ ఇంటర్‌తో పోలేడు. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న పిల్లకు అక్కడ ఫిజిక్స్ ఎదురవుతుందని చేరాక గానీ తెలియదు.

అలాగని సీఈసీ, హెచ్ఈసీ చదివితే చిన్నతనమని ఎవరూ అనుకోవద్దు. ఏ గ్రూపుతో ఇంటర్ పాసైనా అయిదేళ్ల లా కోర్సుకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. భూమి తగాదాలు ఇన్ని ఉన్న మన ప్రాంతంలో, 1/70 చట్టం చదివి అర్థం చేసుకుని మన తరఫున కోర్టులో నిలబడే లాయర్లు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టండి. గ్రూప్స్ పరీక్షలకు డిగ్రీ ఉంటే చాలు, ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు. ఇష్టపడి తీసుకుంటే అది మంచి దారే. దిక్కులేక తీసుకుంటేనే చిక్కు.

ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలీసెట్ రాస్తే మూడేళ్ల పాలిటెక్నిక్. అది పూర్తిచేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. పాలీసెట్‌కు పది పాసైతే చాలు, కనుక ఇంటర్ మధ్యలో మానేసి ఇంట్లో కూర్చున్న తమ్ముడు కూడా రాయవచ్చు. ఈ మాట చాలామందికి కొత్తగా వినిపిస్తోందని ముందు వరసలో ముఖాలు చూస్తే తెలుస్తోంది. ట్రిపుల్ ఐటీల్లో, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో, పది మార్కుల మీద సీటు ఇస్తారు. ఆరేళ్లు ఒకే చోట చదువు. ఇంటర్ కోసం ఒక ఊరు, బీటెక్ కోసం ఇంకో ఊరు వెతుక్కునే పని ఉండదు. ఐటీఐ ఉంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ పని నేర్చిన కుర్రాడు ఖాళీగా ఉండటం మేము పెద్దగా చూడలేదు. పది తప్పినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. తప్పడంతో చదువు అయిపోయినట్టు కాదని ఆ పిల్లల అమ్మానాన్నలకు ముందుగా చెప్పాలి, ఎందుకంటే పనికి పంపేది వాళ్లే.

పెద్ద చదువుల గురించి ఒక మాట. ఐఐటీల వంటి కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. సీట్లు మిగిలితే, కొంచెం తక్కువ మార్కులు వచ్చిన ఎస్సీ, ఎస్టీ పిల్లలను ఏడాదిపాటు ప్రిపరేటరీ కోర్సులో చదివించి, అందులో పాసైతే మరుసటి ఏడాది చేర్చుకునే పద్ధతి కూడా ఉంది. రాష్ట్ర సీట్లలో ఎస్టీ వాటా ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. విజయనగరం జిల్లాలోనూ, ములుగులోనూ మన పేరు మీదే కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు వచ్చాయి. మన పేరు మీద ఉన్న సీట్లలో మన పిల్లలే కూర్చోవాలంటే ఆ సీటు ఉందని ముందు వాళ్లకు తెలియాలి కదా.

టీచర్ ఉద్యోగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్లలో ఒక తరం మొత్తం డీఎడ్, బీఎడ్ వైపు నడిచింది. దానికి కారణం ఉంది. 2000 సంవత్సరంలో వచ్చిన జీఓ 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీఓను కొట్టేసింది. మన సంఘాలు పోరాడుతున్నాయి, పోరాడతాయి. కానీ ఈ రోజు తొమ్మిదో తరగతి చదివే చెల్లెలికి ‘డీఎడ్ చేస్తే మన ఊళ్లోనే ఉద్యోగం’ అని పాత లెక్క చెప్పకూడదు. బడిపంతులు కావాలని మనసుంటే తప్పకుండా కావాలి. మన భాష తెలిసిన పంతులు మన చిన్నపిల్లలకు ఎంత అవసరమో మనకు తెలుసు. పోటీ మాత్రం మునుపటిలా లేదని తెలిసి దిగాలి. పెద్దన్నయ్య కాలం నాటి సలహా తమ్ముడికి అన్నిసార్లూ పనికిరాదు.

ఇప్పుడు కాగితాల గోల. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, పెద్ద పెద్ద సీట్లు దీనివల్లే పోయాయి. ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, పది మార్కుల మెమోలో ఒకలా, కుల ధ్రువపత్రంలో ఇంకోలా ఉంటుంది. బడిలో వేసిన రోజు ఎవరో రాసిన పుట్టిన తేదీ ఒకటి, అంగన్‌వాడీ పుస్తకంలో ఇంకొకటి. ఇవి తొమ్మిదో తరగతిలో సరిచేసుకుంటే తేలిక. పది పరీక్షకు నామినల్ రోల్స్ పంపేశాక కష్టం. మెమో ముద్రించి వచ్చాక మరీ కష్టం. కేంద్ర సంస్థలు అడిగే కుల ధ్రువపత్రం నమూనా వేరు, మనం మామూలుగా తీసుకునేది వేరు. ముందుగా అడిగి తీసుకోవాలి. ఇంకో సంగతి, ఎస్టీ రిజర్వేషన్‌కు ఆదాయ పరిమితి లేదు, స్కాలర్‌షిప్‌కు ఉంది. ఈ రెండూ కలిపేసుకుని, నాన్నకు చిన్న ఉద్యోగం ఉందని దరఖాస్తే చెయ్యని పిల్లలను చూశాం.

వెబ్ ఆప్షన్ల దగ్గర ఒక తమ్ముడి సంగతి చెప్పి తీరాలి. మంచి ర్యాంకే వచ్చింది. నెట్ సెంటర్లో రద్దీ, వెనక జనం తొందరపెడుతున్నారు, రెండు కాలేజీలు పెట్టించుకుని వచ్చేశాడు. ఆ రెండింట్లో రాలేదు. అతని కన్నా చాలా వెనక ర్యాంకు వాళ్లకు మూడో కాలేజీలో వచ్చింది. ఎన్ని ఆప్షన్లు పెట్టినా అదనంగా ఖర్చేమీ లేదు. కాబట్టి ముందురోజే కాగితం మీద వరస రాసుకోండి. వస్తుందో రాదో చూసి కాదు, నిజంగా ఏది ముందు కావాలో ఆ వరసలో. ప్రతి కాలేజీకి ఎదురుగా హాస్టల్ ఉందో లేదో రాసుకోండి. సీటు వచ్చాక చెప్పిన తేదీలోగా రిపోర్ట్ చెయ్యకపోతే ఆ సీటు పోతుంది. మన ఊళ్లలో సిగ్నల్ కోసం కొండెక్కాలి, మెసేజ్ వచ్చిన నాలుగు రోజులకు చూసేవాళ్లున్నారు. అందుకే నెట్ అందే చోట ఉన్న వాళ్ల నంబరు ఒకటి దరఖాస్తులో ఇవ్వండి.

సీటు వచ్చాక కూడా పని అయిపోదు. ఇంటర్ మొదటి ఏడాదిలో, మొదటి మూడు నెలల్లో పిల్లలు జారిపోతారు. ఇంగ్లీషు మీడియం, కొత్త ఊరు, నీ యాస మీద నవ్వేవాడొకడు. దసరాకు ఇంటికి వస్తారు, కొందరు వెనక్కి పోరు. సంక్రాంతికి ఇంకొందరు. మార్కులు తగ్గినప్పుడు, ఫలితాలు వచ్చినప్పుడు మనసు బాగా కుంగిపోయే పిల్లలుంటారు. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు ఇప్పుడే మీ ఫోన్లలో ఎక్కించుకోండి. పండక్కి వచ్చిన తమ్ముణ్ని మాత్రం ‘ఎప్పుడు వెళ్తున్నావు’ అని ముందే అడక్కండి. ‘అక్కడ ఎలా ఉంది’ అని అడగండి.

ఇదంతా ఎవరు చెయ్యాలి? ప్రతి ఉన్నత పాఠశాలకూ శిక్షణ పొందిన కౌన్సెలర్ కావాలని ఐటీడీఏలను అడుగుతూనే ఉందాం, అది మన హక్కు. వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కొమురం భీం అమరుడైన తర్వాత, 1940లలో, హైమన్‌డార్ఫ్ చొరవతో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడికి బయట నుంచి పెద్ద చదువుల పంతుళ్లను తేలేదు. కొద్దిగా చదవడం, రాయడం వచ్చిన గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, గోండిలోనే వాచకాలు రాయించి, తమ ఊళ్ల పిల్లలకు చదువు చెప్పమన్నారు. వాళ్ల చేతిలో ఈ రోజు మీ చేతిలో ఉన్నంత చదువు లేదు, ఫోన్లు అసలే లేవు.

మేము అడిగేది అంతకన్నా చిన్న పని. డిగ్రీ చదువుతున్నవాళ్లు, పాలిటెక్నిక్, నర్సింగ్ చదువుతున్నవాళ్లు, ఒక్కొక్కరు మీ ఊరి పిల్లలు నలుగురిని తీసుకోండి. మన భాషలో మాట్లాడండి. ఏడాదికి మూడుసార్లు కలిస్తే చాలు: బడి తెరిచాక ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, పది పరీక్షలు అయిన వారంలో ఒకసారి. అమ్మానాన్నలు ఉన్నప్పుడే మాట్లాడండి. ఆడపిల్లల ఇంటికి వెళ్లేటప్పుడు మన అక్కచెల్లెళ్లను వెంట తీసుకెళ్లండి. పెళ్లి మాట కూడా ఆ ఇంట్లో అదే వేసవిలో వస్తుంది. మీకు తెలియని ప్రశ్న అడిగితే ‘కనుక్కుని చెబుతా’ అనండి, ఊహించి చెప్పకండి.

గుమ్మం దగ్గర బల్ల మీద రిజిస్టర్ పెట్టాం. మీ పేరు, మీ ఊరు, మీకు తెలిసిన తొమ్మిదో తరగతి పిల్లల పేర్లు, ఇంట్లో మాట్లాడే భాష రాసి వెళ్లండి. వచ్చే ఆదివారం నుంచి ఊరి వారీగా పిల్లలను పంచుకుందాం. చీకటి పడితే ఘాట్‌లో జీపులు దొరకవు, ఇక్కడితో ఆపుతున్నాం. జోహార్.