రెండో లెక్క



పట్టాలు అందుకుంటున్న మీకు ఫ్యూజన్ గురించి చెబుతానని మాటిచ్చాను. ముందు మత్స్యగెడ్డ అనే ఏటి గురించి చెప్పాలి. మన మన్యంలో పుట్టిన ఆ నీరే జోలాపుట్టు జలాశయంలో నిలిచి, డుడుమ దగ్గర లోయలోకి దూకుతుంది. ఆ నీటితో నడిచే మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రాన్ని 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కేంద్రం ఎన్ని మెగావాట్లు ఇస్తుందన్నది మొదటి లెక్క. జలాశయం కింద ఎవరి పొలాలు పోయాయి, చుట్టుపక్కల గూడేలకు కరెంటు ఎన్ని దశాబ్దాలు ఆలస్యంగా వచ్చింది అన్నది రెండో లెక్క. దాన్ని అడిగే చదువు ఆనాడు మన పెద్దలకు అందలేదు.

ఇక ఫ్యూజన్. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతూ వెలుగునిస్తున్నాయి. భూమి మీద టోకమాక్ అనే యంత్రంలో ఆ పని జరగాలంటే డ్యుటీరియం, ట్రిటియంల ప్లాస్మాను 10 కోట్ల డిగ్రీలు దాటించి, అయస్కాంత క్షేత్రాల మధ్య పట్టి ఉంచాలి. లేజర్లది ఇంకో దారి. 2022 డిసెంబరు 5న అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ పుంజాలు 2.05 మెగాజౌళ్లు అందిస్తే, ఇంధనపు గుళిక నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. దశాబ్దాల శ్రమకు దక్కిన గొప్ప ఫలితం అది. అయితే ఆ లేజర్లను నడపడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్లు. ఇక్కడా రెండో లెక్క ఉంది, చూశారా!

మన దేశం ఈ పనిలో వెనకబడి లేదు. గాంధీనగర్‌లో ఆదిత్య టోకమాక్ 1989లోనే మొదలైంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే ఫ్యూజన్ రియాక్టర్‌కు దాదాపు 30 మీటర్ల ఎత్తైన క్రయోస్టాట్ భాగాలు మన దగ్గరే తయారయ్యాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేసింది గోదావరి జిల్లాలో పుట్టిన ఒక సన్యాసి, స్వామి జ్ఞానానంద.

అయితే ఫ్యూజన్ కేంద్రం నడవాలంటే న్యూట్రాన్ల తాకిడిని ఏళ్ల తరబడి ఓర్చుకునే గోడ ఇంకా కావాలి. లిథియం నుంచి ట్రిటియాన్ని రియాక్టర్‌లోనే పుట్టించుకునే ఏర్పాటూ కావాలి. ఈటర్‌లో డ్యుటీరియం–ట్రిటియం ప్రయోగాలు 2039లో మొదలవుతాయని అంచనా. అప్పటికి మీకు నలభై ఏళ్లు కూడా నిండవు. ఫిజిక్స్ చదివినవాళ్లు డిగ్రీతో ఆగకండి, విశాఖకో గాంధీనగర్‌కో వెళ్లండి. ఫ్యూజన్ కేంద్రం ఎక్కడ కట్టాలి, తీగ ముందుగా ఏ గూడేనికి లాగాలి అని తేల్చే రోజున, ఆ కాగితాల మీద సంతకం పెట్టే ఇంజనీర్లలో మీరుండాలి.