ఐదు వేలలో డాబా మీద నీడ: రేకులా, తాటాకులా, షేడ్ నెట్టా?

ఈ ఎపిసోడ్ కూచిపూడిలో మా పిన్ని వాళ్ల డాబా మీద నుంచి. పిన్ని ఇక్కడ పిల్లలకి డాన్స్ నేర్పిస్తుంది. కింద హాల్లో పాతికమంది పట్టరు. పైన చోటుంది కానీ వేసవిలో సాయంత్రం నాలుగున్నరకి కూడా స్లాబ్ కాలుతూనే ఉంటుంది. చెప్పులేసుకుని ఆడే డాన్స్ కాదు కదా ఇది! ఏప్రిల్ వచ్చిందంటే సగం మంది మానేస్తారు. పిన్ని ఇల్లు నడిచేది ఆ ఫీజులతోనే.

చోటు 12 బై 20 అడుగులు. అడిగిన ప్రతి ఒక్కరూ రేకులు వేయించమన్నారు. నాకైతే ఇష్టం లేదు. ఎండకి రేకు కాలి ఆ వేడి మళ్లీ మన నెత్తి మీదకే వస్తుంది. పైగా మనది డెల్టా. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 90–100 కిలోమీటర్ల వేగంతో వీచింది. 100 స్పీడ్ గాలి అంటే చదరపు మీటరుకి సుమారు 47 కిలోల ఒత్తిడి. మన చోటు 22 చదరపు మీటర్లు. గుణించండి, టన్ను! దాన్ని తట్టుకునే ఇనుప ఫ్రేమ్ మన బడ్జెట్‌లో రాదు. తట్టుకోకపోతే ఆ రేకు ఎవరింటి మీద పడుతుందో చెప్పలేం.

చల్లదనంలో తాటాకు పందిరికి సాటి లేదు. పెరట్లో అయితే హాయిగా వేసుకోండి. ఇళ్ల మధ్య డాబా మీద మాత్రం వద్దు, దీపావళికి ఒక్క నిప్పురవ్వ చాలు.

అందుకని షేడ్ నెట్. నర్సరీల మీద కడతారే, అదే. షాపులో 50, 75, 90 శాతం అని ఉంటాయి, అది ఎండని ఆపే శాతం. మేం 75 తీసుకున్నాం. యూవీ స్టెబిలైజ్డ్ అని అడిగి మరీ తీసుకోండి, లేకపోతే ఎండకి త్వరగా పొడిపొడి అయిపోతుంది. స్లాబ్‌కి రంధ్రాలు కొట్టొద్దు, వానాకాలం కారుతుంది. 20 లీటర్ల పెయింట్ డబ్బాలో కాంక్రీట్ పోసి సరుగుడు కర్ర నిలబెట్టండి, ఒక్కోటి 48 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి ఆరు. పైనుంచి పిట్టగోడకి కూడా తాళ్లు కట్టాం. అంతా కలిపి ఐదు వేలు దాటలేదు.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మనకి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నెట్ నీడ నెట్ కిందే పడుతుంది. నాలుగింటికి పడమర నుంచి ఏటవాలుగా వస్తాడు. ఎనిమిది అడుగుల ఎత్తున కట్టిన నెట్ నీడ అప్పటికి పది పన్నెండు అడుగులు తూర్పుకి జరిగిపోతుంది. పిల్లలొచ్చేదే ఆ టైమ్‌కి! కాబట్టి పడమటి వైపు ఇంకో ముక్క పరదాలా దించాలి. కింద నేలకి రెండు కోట్లు సున్నం కొట్టండి, తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే.

ముడులన్నీ జారుముడులే వేయండి. బందరులో తుఫాను హెచ్చరిక ఎగరేశారంటే పది నిమిషాల్లో నెట్ విప్పి, కర్రలు పడుకోబెట్టేయాలి. పిన్నీ, పెద్ద పిల్లలూ కలిసి మొన్న రిహార్సల్ చేస్తే ఎనిమిది నిమిషాలు పట్టింది. మీ డాబా కొలతలు, పడమర ఎటువైపో రాసి కామెంట్‌లో పెట్టండి, పరదా ఎక్కడ దించాలో చెప్తాను.